ఆగిపోయిన తూకము

పాఠ్యభాగము: మార్కు సువార్త 8:22-26



ఈ నెల పాఠమునకు మేము తీసికొన్న అంశమును చూచి కొందరు ఆశ్చర్యపడవచ్చును. బరువు తగ్గుటకు కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, తరువాత తూకము కదలక నిలిచిపోయినప్పుడు, లేక తగ్గినది మరల పెరుగుచున్నప్పుడు ఏమి చేయవలెనన్నది ఈ పాఠము. సంఘ పత్రికలో ఇది ఎందుకని అడుగువారికి మా జవాబు ఒక్కటే. ఇది మన కుటుంబములలో జరుగుచున్నది. సొంత ఊరు విడిచి బెంగుళూరు, చిక్కబళ్ళాపురము, చింతామణి, ఇంకా దూరము గల్ఫు దేశములు చేరిన మన వారికి రాత్రి డ్యూటీలు, కూర్చుండి చేయు పనులు, వేళ తప్పిన భోజనములు, ఒంటరితనములో తిను చిరుతిండ్లు ఉన్నవి. వాటి వెనుక చక్కెర వ్యాధియు రక్తపోటును వచ్చుచున్నవి. ఇట్టి శస్త్రచికిత్సకు వెళ్ళినవారు మాకు తెలిసియే నలుగురున్నారు. వారిలో ఒకరి విషయములో మా సహవాసము తప్పు చేసినది. ఆ తప్పులో మా వంతు పెద్దది గనుక దానిని దాచి పాఠము చెప్పుట మాకు ఇష్టము లేదు.

ఆమె పేరు వ్రాయము. ఆమె అనుమతితోనే ఈ మాటలు వ్రాయుచున్నాము. ప్రకాశము జిల్లానుండి పెండ్లియై ఇక్కడికి వచ్చి, ఇరువది యేండ్లుగా కుట్టుమిషను మీద ఇల్లు నడుపుకొనుచున్న సహోదరి ఆమె. బరువు 112 కిలోలు. చక్కెర వ్యాధి, మోకాళ్ళ నొప్పులు. 2022లో బెంగుళూరులోని ఒక ఆసుపత్రిలో స్లీవ్ అను శస్త్రచికిత్స చేయించుకొన్నది. కుమార్తె తన జీతము మీద అప్పు తీసి డబ్బు కట్టినది. మూడు నెలలకు 94 కిలోలకు దిగినది. ఆ ఆదివారము ఆరాధనలో మేమే ఆమెను లేపి, "అమ్మా, దేవుడు నీకు చేసిన మేలు సంఘానికి చెప్పు" అన్నాము. ఆమె సిగ్గుపడుచునే లేచి, ఎన్ని కిలోలు తగ్గినదో చెప్పినది. అందరును చప్పట్లు కొట్టినారు. అది మొదలు ప్రతి ఆదివారము మందిరపు గుమ్మములో ఆమెకు ఒకటే ప్రశ్న: "అక్కా, ఇప్పుడెంత?"

ఆరవ నెలకు 88. ఏడవ నెలకు 87. ఎనిమిదవ నెల, తొమ్మిదవ నెల, పదవ నెల, అదే 87. పదునాలుగవ నెలకు 91. ఈలోగా ఆమె మందిరములో వెనుక బల్లకు మారినది. తరువాత ఆఖరి ప్రార్థనకు ముందే లేచి వెళ్ళుట మొదలుపెట్టినది. ఆ తరువాత రానే లేదు. ఆసుపత్రికి వెళ్ళుట కూడ మానినదని కుమార్తె చెప్పగా విని, మేము ఇంటికి వెళ్ళినాము. ఆమె మిషను మీదినుండి తల యెత్తకుండ, "మాస్టారూ, అంతమందిలో నిలబడి దేవుడు చేశాడని చెప్పాను గదా. ఇప్పుడు మళ్ళీ పెరుగుతున్నానంటే, దేవుడు చేసింది చెడగొట్టుకున్నది నేనే గదా. ఏ ముఖం పెట్టుకొని రమ్మంటారు?" అని అడిగినది. ముప్పది యేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవారము, ఆమెకు జవాబు చెప్పలేక ప్రార్థన చేసి వచ్చేసినాము.

ఇంటికి వచ్చి మార్కు సువార్త 8వ అధ్యాయము తెరచితిమి. బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి మార్కు ఒక్కడే వ్రాసినాడు. మిగిలిన ముగ్గురు సువార్తికులు వ్రాయలేదు. యేసు ప్రభువు చేసిన స్వస్థతలలో రెండు అంచెలుగా జరిగినట్లు కనబడునది ఇది ఒక్కటే. ప్రభువు మొదట చేతులుంచి, ఏమైన కనబడుచున్నదా అని ఆ మనుష్యుని అడిగినాడు. ఆ మనుష్యుడు తలయెత్తి చూచి, మనుష్యులు కనబడుచున్నారు గాని నడిచెడి చెట్లవలె ఉన్నారని చెప్పినాడు.

ఇక్కడ ఆగి ఆలోచించుడి. ఆయన చేతులుంచిన తరువాత చూపు సగమే వచ్చినది. మనమైతే ఏమి చెప్పియుందుము? పెద్దాయన ఇంత చేసినాడు, ఆయన ముఖము చిన్నబోవునేమో, ప్రక్కన శిష్యులు చూచుచున్నారు, "బాగుగా కనబడుచున్నది ప్రభువా" అని ఒక మాట అని ఇంటికి పోయియుందుము. మిగిలిన జీవితమంతయు మనుష్యులను చెట్లుగా చూచుచు, ఎవరితోను చెప్పకుండ, గోడ పట్టుకొని నడిచియుందుము. ఆ మనుష్యుడు అట్లు చేయలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పినాడు. ప్రభువు అతనిని గద్దించలేదు, నీకు విశ్వాసము చాలలేదనలేదు. మరల చేతులుంచినాడు. అప్పుడు అతనికి సమస్తమును తేటగా కనబడినది.

ఇంకొక సంగతి మేము ఎన్నిసార్లు చదివినను ఆ రాత్రి వరకు పట్టించుకొనలేదు. ప్రభువు ఇదంతయు ఊరి నడుమ చేయలేదు. అతని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి తోడుకొనిపోయి చేసినాడు. అయిన తరువాత ఊరిలోనికి వెళ్ళవద్దని చెప్పి ఇంటికి పంపినాడు. సగము బాగైన మనుష్యుని జనము ఎదుట నిలువబెట్టలేదు. మేము మా సహోదరిని మూడవ నెలలోనే నిలువబెట్టినాము.

ఇక శరీరము సంగతి. వైద్యులను అడిగి, చదివి, మేము గ్రహించినంత చెప్పుచున్నాము. స్లీవ్ శస్త్రచికిత్సలో జీర్ణాశయములో సుమారు నాలుగింట మూడు వంతులు, కొన్నిసార్లు అంతకంటె కొంచెము ఎక్కువ, తీసివేసి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా ఉంచెదరు. బైపాస్ అను దానిలో జీర్ణాశయమును చిన్న సంచిగా చేసి, ప్రేగును దానికి తిన్నగా కలిపెదరు. ఈ బైపాస్‌ను అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు 1966లో మొదలుపెట్టినాడు. హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో కూడ 2023లో ఇట్టి శస్త్రచికిత్స జరిగినది గనుక ఇది ధనవంతుల ముచ్చటయని ఎవరును అనుకొనవద్దు. నడుము దగ్గర కొవ్వును పీల్చివేయు చికిత్స వేరు, ఇది వేరు. రెండును ఒకటేయని మన వారిలో పలువురు పొరబడుచున్నారు.

మొదటి వారములలో తూకము వడివడిగా దిగును. అందులో కొంత కొవ్వు, కొంత నీరు. కాలేయములోను కండలలోను నిలువయున్న పిండిపదార్థము తనతోకూడ దానికి మూడు రెట్లకు పైగా నీటిని పట్టి ఉంచుకొనును. తిండి తగ్గగానే ఆ నిలువ ఖర్చయిపోయి, దానితోకూడ నీరును పోవును. కొన్ని వారములకు ఆ నీటి లెక్క సర్దుకొనగానే ముల్లు నిలిచిపోవును. శస్త్రచికిత్స చెడిపోయినదని చాలామంది మొదటిసారి భయపడునది ఇక్కడనే. ఆ తరువాత కూడ నిలిచిపోవుటలు వచ్చును. తక్కువ బరువుగల శరీరమునకు తక్కువ శక్తి చాలును. అదియు గాక కరవు వచ్చినదనుకొని శరీరము ఖర్చు తగ్గించుకొనును.

దీనిని పరీక్షించి చూచిన కథ ఒకటున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో ఆయుధము పట్టుటకు మనస్సాక్షి ఒప్పుకొనని యువకులు 36 మంది, వారిలో బ్రెదరన్, క్వేకర్, మెన్నొనైట్ సంఘములవారున్నారు, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుని యొద్ద 1945లో 24 వారములు అర్ధాకలితో ఉన్నారు. యుద్ధములో ఆకలిగొన్న ప్రజలను ఎట్లు తిరిగి బాగుచేయవలెనో తెలిసికొనుటకై వారు తమ శరీరములను ఇచ్చినారు. వారి బరువులో సుమారు నాలుగవ వంతు తగ్గినది. వారి శరీరములు విశ్రాంతిలో ఖర్చుచేయు శక్తియు బాగా తగ్గిపోయినది. రాత్రింబవళ్ళు వారికి తిండి ధ్యాసయే. వారు బలహీనమైన భక్తులు కారు, సోమరులును కారు. దేవుడు మన శరీరమును కరవులో బ్రదుకునట్లు నిర్మించినాడు, అంతే.

మరి పెరుగుట? స్వీడను దేశములో 1987లో మొదలైన పెద్ద అధ్యయనము ఒకటున్నది. శస్త్రచికిత్స చేయించుకొన్నవారు 2,010 మంది, చేయించుకొననివారు 2,037 మంది, ఇరువురిని ఏండ్ల తరబడి కనిపెట్టి చూచినారు. బైపాస్ వారు ఒకటి రెండు సంవత్సరములలో సగటున నూటికి 32 వంతుల బరువు తగ్గినారు. పది సంవత్సరముల తరువాత చూడగా ఆ తగ్గుదల 25 వంతులుగా ఉన్నది. అనగా మధ్యలో కొంత తిరిగి వచ్చినది. చేయించుకొననివారి బరువులో చెప్పుకొనదగిన మార్పు లేదు. వారికంటె చేయించుకొన్నవారిలో మరణములు తక్కువ అని కూడ 2007లో ప్రకటించినారు. ఈ లెక్కను మా సహోదరికి కాగితము మీద వ్రాసి చూపినాము. 112 నుండి 91 అనగా 21 కిలోలు, నూటికి సుమారు 19 వంతులు. ఆమె ఆ కాగితమును చాలసేపు చూచి, "అయితే అందరికీ కొంచెం తిరిగి వస్తుందా, మాస్టారూ?" అన్నది. ఆ మాట ఆసుపత్రిలో ఆమెకు ముందే చెప్పియే యుందురు. శస్త్రచికిత్సకు ముందు విన్నది ఎవరికి నిలుచును!

శిడ్లఘట్టలో ఉన్నవారికి మేము పట్టుపురుగును చూపకుండ పాఠము చెప్పలేము. ఇక్కడి పట్టుగూళ్ళ మార్కెట్టును ఎరుగనివారు లేరు. పురుగు గ్రుడ్డునుండి వచ్చినప్పటినుండి గూడు కట్టువరకు నాలుగుసార్లు చర్మము విడుచును. దానిని మన రైతులు జ్వరమందురు: ఒకటవ జ్వరము, రెండవ జ్వరము, అట్లు నాలుగు. జ్వరములో పురుగు ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలక నిలుచును. తెలియనివాడు చూచి చచ్చినదనుకొనును. తెలిసిన రైతు తట్టను పారవేయడు, ఆకు వేసి కెలకడు, లేచువరకు కనిపెట్టును. నాలుగవ జ్వరము లేచిన తరువాతనే పురుగు తన జీవితములో తిను ఆకులో ఎక్కువ భాగము తినును. పురుగు పెరుగుటకు, మన సహోదరి తగ్గుటకు. పోలిక తలక్రిందులే, ఒప్పుకొనుచున్నాము. అయినను కదలక నిలుచుట చచ్చుట కాదని చెప్పుటకు ఈ తాలూకాలో ఇంతకంటె మంచి పాఠోపకరణము మాకు దొరకలేదు.

అయితే అన్ని నిలుపుదలలును జ్వరములు కావు. పురుగుకు రోగము వచ్చినను ఆకు తినదు గదా. ఏది జ్వరమో ఏది రోగమో చూచి చెప్పువాడు కావలెను. అందుకే ఆసుపత్రికి తిరిగి వెళ్ళుట. మా సహోదరి కుమార్తెతో కలిసి పదునైదవ నెలలో తిరిగి వెళ్ళినది. మా ఇంటి ఆమెయు తోడు వెళ్ళినది. అక్కడ వైద్యురాలు అడిగిన ప్రశ్నలకు ఆమె, ఆ బేత్సయిదా మనుష్యునివలె, ఉన్నది ఉన్నట్లు చెప్పినది. ఖర్చు తగ్గించుటకు విటమిను మాత్రలు ఆరు నెలలుగా మానినది. వ్రేళ్ళు తిమ్మిరి పట్టుచున్నవి, సూదిలో దారము ఎక్కుట లేదు. ప్రొద్దున ఏమియు తినదు. మిషను మీద కూర్చుండి పగలంతయు చిన్న గ్లాసులతో టీ త్రాగును, అందులో బిస్కత్తు ముంచుకొనును. ఏడు గ్లాసులు, గ్లాసుకు రెండు చెంచాల చక్కెర, మొత్తము పదునాలుగు చెంచాలు. అది సుమారు 70 గ్రాములు, 280 కేలరీలు. చిన్న జీర్ణాశయము ముద్దను ఆపగలదు గాని టీని ఆపలేదు, జారిపోవును. దానిపైన తూకము దిగవలెనని మన సంఘములో జరిగిన మూడు దినముల ఉపవాస ప్రార్థనలో చేరి, వాంతులు తెచ్చుకొన్నది. రక్తపరీక్షలో బి12, ఇనుము రెండును తక్కువగా ఉన్నవి.

వైద్యురాలు కోపపడలేదట. సూదిమందు వ్రాసి, మాత్రలు జీవితాంతము మానరాదని చెప్పి, తిను వరుస మార్చినది. మాంసకృత్తులు దినమునకు 60 గ్రాములకు తగ్గరాదు, కంచములో మొదట అవే తినవలెను. ఇది మన ప్రాంతములో కష్టమైన మాట. మనకు ముందు ముద్ద, తరువాత చారు. రాగులు మంచివే, సున్నము ఎక్కువ. కాని 100 గ్రాముల రాగిపిండిలో మాంసకృత్తులు 7 గ్రాములే. చిన్న కడుపు ముద్దతో నిండిపోయిన తరువాత పప్పునకు చోటెక్కడిది? గనుక ముందు గ్రుడ్డు, లేక కోడికూర, లేక ఉడికిన ఉలవలు, చలికాలమైతే పితికిపప్పు. తరువాత నిమ్మకాయంత ముద్ద. ఒక గ్రుడ్డులో 6 గ్రాములుండును, లెక్క వేసికొనవచ్చును. నీళ్ళు భోజనముతో కలిపి త్రాగక, అరగంట ఎడముగా త్రాగవలెను. తూకము వారమునకు ఒక్కసారి, ఒకే యంత్రము మీద, ఒకే వేళ చూచుకొనవలెను. ఆమె దినమునకు మూడుసార్లు ఎక్కుచుండెడిదట!

తూకముతోబాటు ఇంకేమి చూడవలెనో కూడ ఆమెకు చెప్పినారు. చక్కెర మాత్రలు మూడునుండి ఒకటికి తగ్గినవి. బస్సు మెట్లు కమ్మీ పట్టుకొనకుండ ఎక్కుచున్నది. మందిరములో మోకాళ్ళూని ప్రార్థించుట ఎనిమిదేండ్ల తరువాత మరల మొదలుపెట్టినది. ఇవి ముల్లు చూపదు.

కొందరికి ఇంతతో చాలకపోవచ్చును. మందులు అవసరమగును, అరుదుగా రెండవ శస్త్రచికిత్సయు అవసరమగును. వారమునకొకసారి వేసికొను టిర్జెపటైడ్ సూదిమందు 2025 మార్చిలో మన దేశములో అమ్మకమునకు వచ్చినది. అట్టివాటిని వైద్యులే నిర్ణయించవలెను, స్నేహితుడు గల్ఫునుండి తెచ్చినాడని వేసికొనరాదు. రెండవ సహాయము అడుగుట మొదటి సహాయమును అవమానించుట కాదు. బేత్సయిదాలో రెండుసార్లు చేతులుంచినది ఒక్క ప్రభువే గదా.

కొన్ని గురుతులు కనబడినప్పుడు పాఠము చదువుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను: ఆగని వాంతులు, నల్లని విరేచనము, తీవ్రమైన కడుపునొప్పి, పిక్కలో వాపు నొప్పి, ఆయాసము, నడకలో తూలుట, చూపు రెండుగా కనబడుట. విడువని వాంతులతో బి1 విటమిను పడిపోయి మెదడుకును నరములకును హాని కలుగును. ఒళ్ళు నొప్పులకు మందులషాపులో అడిగి మాత్ర మ్రింగుట కూడ మానవలెను. బైపాస్ వారికి వాటిలో కొన్ని పుండ్లు తెచ్చును. మూడవ నెలనుండి జుట్టు రాలుట చూచి ఏడ్చిన యౌవన సహోదరీలకు ఒక మాట: అది సాధారణముగా కొన్ని నెలలకు తిరిగి వచ్చును. బిడ్డ కావలెనన్న వారు మాత్రము శస్త్రచికిత్స తరువాత 12 నుండి 18 నెలలు ఆగవలెనని వైద్యులు చెప్పుదురు.

సంఘముగా మేము మార్చుకొన్నవి రెండు మూడున్నవి. శరీర స్వస్థతను గూర్చి సాక్ష్యము చెప్పుమని ఇప్పుడు ఎవరిని లేపము. వారే లేచినచో సంతోషము, అంకెలు మాత్రము అడుగము. ఉపవాస ప్రార్థన ప్రకటించినప్పుడెల్ల, మందులు వాడువారును కడుపు శస్త్రచికిత్స చేయించుకొన్నవారును తిండి మానక ప్రార్థనలో మాత్రము చేరవలెనని ప్రకటనలోనే చెప్పుచున్నాము. ఏలీయా అలసి చెట్టు క్రింద పడుకొన్నప్పుడు దేవదూత అతనిని ఉపవాసముండుమనలేదు, రెండుసార్లు లేపి తినుమన్నాడు, 1 రాజులు 19వ అధ్యాయము చూడుడి. ఇక ప్రేమవిందు. "ఇంకొంచెం వేసుకో అమ్మా, దేవుని విందు గదా" అని బిర్యానీ గరిటెతో వెంటపడు పెద్దలకు, అందులో మేమును ఉన్నాము, ఆ గరిటెను క్రింద పెట్టుట కష్టమైనది. ఇంకను పూర్తిగా పెట్టలేదు.

మన తెలుగు బాప్తిస్టు వారికి నిదానముగా జరుగు పని క్రొత్తది కాదు. శామ్యూల్ డే దొర 1836లో తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరినాడు. ఏండ్లు గడచినను ఫలము కొద్దియే. ఈ మిషనును మూసివేయుదమా అన్న ప్రశ్న అమెరికా పెద్దల సభలలో ఒకటికి రెండుసార్లు వచ్చినది. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారని మనము పిల్లలకు చెప్పుకొందుము. ఆ నలువది రెండేండ్లు చెప్పుకొనము. మన సహోదరి తూకమునకు గుండ్లకమ్మ దినము వచ్చునని మేము వాగ్దానము చేయుట లేదు, రాకపోవచ్చును. ఆమె ఇప్పుడు 85 కిలోలు. ఇదియు ఆమెయే వ్రాయుమన్నది, మేము అడుగలేదు. ఈ సంవత్సరము మూడు నెలలు ఆ అంకె కదలలేదట. ఆ మూడు నెలలును ఆమె మూడవ బల్లలోనే కూర్చున్నది.

గృహ కూటములలో చర్చించుటకు: ప్రభువు ఆ గ్రుడ్డివానిని ఊరి వెలుపలికి ఎందుకు తీసికొనిపోయియుండును? సగమే కనబడుచున్నదని అతడు చెప్పకపోయినచో ఏమి జరిగియుండును? మీ కూటములో ఈ మధ్య రాకుండ మానినవారు ఎవరు, వారిని చివరిసారి మీరు ఏమి ప్రశ్న అడిగితిరి?